మామయ్య అడిగిన పండు

శనివారం పొద్దున్నే కట్టిన మూట మళ్ళీ విప్పింది రూతా. ఎండు రేగుపళ్ళు, చెస్ట్‌నట్లు, ఎండు చేప, కొవ్వొత్తులు. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని తెలిసినా చెయ్యి ఊరుకోవడం లేదు.

"ఇంకోసారి విప్పావంటే ఆ చేపకి ప్రాణమొచ్చి పారిపోతుంది," అన్నాడు గివన్, సాక్సు తొడుక్కుంటూ.

"నీకేం, మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నావు. పరీక్ష నాకు."

"పరీక్షేంటి? మా నాన్న తద్దినం."

"అందుకే భయం."

లిథువేనియా నుంచి కొరియన్ చదువుకోవడానికి దక్షిణ కొరియాలోని తేగు నగరానికి వచ్చి, ఇక్కడే పెళ్ళాడి స్థిరపడిపోయింది రూతా. వారమంతా బడిలో పాఠాలు చెప్పడం, సెలవొస్తే బస్సెక్కి ఏదో ఒక ఊరు చూసి రావడం. సంతల్లో బేరమాడితే ముసలమ్మలు నవ్వి గుప్పెడు ఎక్కువ వేస్తారు. అయినా అత్తగారింట్లో మాత్రం ఆమె ఇంకా చుట్టమే. గరిటె పట్టుకోబోతే చాలు, "నువ్వు కూర్చో అమ్మాయీ" అంటుంది అత్తగారు ఒక్‌బున్. ఆ మర్యాద రూతాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలేది. అలాంటిది మామగారి మొదటి తద్దినానికి, "ఆయన ఫోటో ముందు పళ్ళ బల్ల నువ్వు సర్దు" అని ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నుంచి రూతాకు కంటి మీద కునుకు లేదు. ఎర్ర పళ్ళు తూర్పున, తెల్లవి పడమర, చేప తల ఎటు, తోక ఎటు, అంతా బట్టీ పట్టింది.

అత్తగారి ఊరు చొంగ్దో పొలిమేరల్లో రోడ్డు పక్క పళ్ళ దుకాణం కనబడగానే కారు ఆపమంది. గివన్ ఫోన్‌లో మాట్లాడుతుంటే దిగి, ఒక్కో పీచ్ పండూ వేలితో నొక్కి చూసి, గట్టివి మాత్రమే ఏరింది.

"ఏంటవి?" అన్నాడతను, ఫోన్ దింపకుండానే.

"తినడానికి," అని చేతిసంచిలో అడుక్కి తోసేసింది. నిజం చెప్పబోతే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు.

కిందటి వేసవిలో మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పగళ్ళు తోడుగా ఉన్నది ఆమే. ఒక మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచి ఒక గట్టి పీచ్ పండు కావాలన్నాడు. తప్పకుండా తెస్తానంది. మర్నాడు పళ్ళతో వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆ మాట ఏడాదిగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

ఇంటికి చేరేసరికి ఆడపడుచు, గివన్ అక్క మిసుక్ వంటింట్లో అట్లు వేస్తోంది. రూతా చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుంది. ఒక్కో పండుకీ తొడిమ వైపు కాస్త కోసి, పళ్ళేల్లో పేర్చింది. అన్నిటికంటే ముందు, మామగారి ఫోటోకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పీచ్ పళ్ళు పెట్టింది. తెచ్చాను మామయ్యా, అనుకుంది.

పొద్దు వాలింది. ఆయన లోపలికి రావడానికి గివన్ వీధి తలుపు తీసి, హడావిడిలో బల్ల మీదికి చూడకుండానే అగరొత్తులు వెలిగించాడు. అన్నం గిన్నెతో గదిలోకి వచ్చిన ఒక్‌బున్ బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవెవరు పెట్టారు?"

"ఇంకెవరు? పుస్తకాలు చదివిన కోడలు," అంది వెనకే వచ్చిన మిసుక్.

"ఏమైంది అత్తయ్యా?"

"పీచ్ ఉన్న చోటికి పోయినవాళ్ళు రారు, వెనక్కి తిరిగి పోతారు. ఈ ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది."

"అమ్మా, తనకి తెలీదు," అన్నాడు గివన్.

"తెలీకపోతే అడగాలి. నోరు లేదా? నాకంటే చక్కగా మాట్లాడుతుంది." ఆవిడ గిన్నె కింద పెట్టేసింది. "ఏడాదికి ఒక్క రోజురా. ఒక్క రోజు వస్తాడు. గుమ్మం దాకా వచ్చి పోయాడేమో."

రూతా ఆ పళ్ళు రెండు చేతుల్లో పోగేసుకుని పెరటి పాకలోకి పరుగెత్తింది. మామగారి పీచ్ తోట కౌలుకిచ్చేశాక అక్కడ ఖాళీ పళ్ళపెట్టెలు తప్ప ఏమీ లేవు. లోపల బల్ల తుడిచి, మళ్ళీ అగరొత్తులు వెలిగించిన వాసన వచ్చింది. కాసేపటికి, ఆయన భోంచేసే వేళ అందరూ గది బయటికి వచ్చి ఆగిన అలికిడి, మళ్ళీ లోపలికి వస్తున్నామని ఆయనకు తెలిసేలా గివన్ దగ్గడం వినబడ్డాయి. మాట నిలబెట్టుకోబోయి మనిషినే తరిమేశానా అని చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అడుగుల చప్పుడయింది. ఒక్‌బున్ వచ్చి ఒక పెట్టె బోర్లించుకుని కూర్చుంది.

"అన్నం తినవా?"

రూతా తల అడ్డంగా ఊపింది.

"లోకంలో ఇన్ని పళ్ళుండగా ఇవెందుకు తెచ్చావమ్మా?"

"మామయ్య అడిగారు. ఆసుపత్రిలో. తెచ్చేలోపే..."

"ఆయన అడిగితే మెత్తనివి అడుగుతాడు. ఇవి రాళ్ళు."

"గట్టివే అడిగారు అత్తయ్యా. ఇన్నేళ్ళు తోట పెంచాను, గట్టిది ఒక్కటీ నోట పెట్టలేదు అన్నారు. మంచివన్నీ మార్కెట్టుకి పోయేవట కదా. మెత్తబడ్డవి మీరు బాధపడుతూ ముందు పెడితే, నాకివే ఇష్టం అనేవారట. మీకు చెప్పొద్దన్నారు."

ఒక్‌బున్ ఒక పండు తీసుకుని, దాని మీది నూగు ఏప్రాన్‌కి తుడిచి కొరికింది. కట్టుడు పళ్ళ కింద అది కరకరమంది.

"అబద్ధాలకోరు," అంది. "పక్కన కూర్చుని, చేతుల మీద కారే రసం జుర్రుకుంటూ తినేవాడు. నేను నమ్మేశాను." చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఆయన రాకుండా చేశాను కదా అత్తయ్యా?"

"ఏమో. నిన్ను అడిగాడుగా, ఈ పాక దాకా వచ్చే ఉంటాడు." సగం కొరికిన పండు రూతా చేతిలో పెట్టింది. "ఊఁ, తిను. బల్ల మీద పెట్టకూడదు గానీ, ఆయన వంతు మనం తింటే ఎవరూ తప్పుపట్టరు."

రూతా కొరికింది. తీపి కంటే ముందు పులుపు తగిలింది.

వంటింట్లోంచి మిసుక్ కేకేసింది, పులుసు చల్లారిపోతోందని.

"గిన్నెలు కడగడానికి నీ మరదలొస్తుంది, నువ్వు కూర్చో," అని లోపలికి బదులిచ్చి, ఒక్‌బున్ పెట్టె కాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఇంకేం చెప్పాడు నీతో?" అంది. "అన్నీ చెప్పు."