పళ్లేలు వణికిన క్షణం

సుజిత్ తల పగిలింది. డాబా మీద వెల్లకిలా పడున్నాడు. పక్కనే మూడుకాళ్ల స్టీలు స్టాండు. దాని కాలికి నెత్తురు, వెంట్రుకలు. మీటరు పగిలి, మైకు వైరుకు వేలాడుతోంది. పిట్టగోడకు అవతల పక్కింటి ఖాళీ మేడ, దానికి అమ్మకం బోర్డు.

విమానాల మోత ఎన్ని డెసిబెల్స్ ఉందో కొలవడానికి బహదూర్‌పల్లి కాలనీకి వచ్చిన కుర్రాడు.

ఎస్సై శోభారాణి మెట్లు దిగేలోపే జనం ఆ ఇంటాయన జైపాల్‌ను కరెంటు స్తంభానికి కట్టేశారు. పెదవి చీలింది. కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి.

"ఇడవండి. ఇంకో దెబ్బ పడితే మిమ్మల్నే లోపలేస్త."

"వీడే మేడం. నీ మిషను పగలగొడ్త అని నిన్న ఆ పిలగాన్ని బెదిరిచ్చిండు."

"అన్నమాట నిజమే," జైపాల్ నెత్తురు ఉమ్మాడు. "మోతకు నా బిడ్డ గుడ్లు తేలేస్తాంది. గాయన కొలుసుకుంట కూసుంటే కోపమొచ్చింది. సంపలే మేడం."

అతని భార్య అంకిత ఒళ్లో పిల్ల మూలుగుతోంది.

"ఈయనను తీస్కపోతే దీన్ని దవాఖానకు ఎవలు తీస్కపోతరు మేడం? నాకు ఎవలున్నరు?"

శోభారాణి మీటరు చూసింది. ఆఖరి రీడింగు 11:10కి. తొంభై ఎనిమిది డెసిబెల్స్. అక్కడే ఆగిపోయింది.

అంటే విమానం నెత్తి మీద ఉన్నప్పుడే దెబ్బ పడింది. అందుకే కేక ఎవరికీ వినపడలేదు. హంతకుడు మోత కోసం కాచుకున్నాడు.

జైపాల్ కట్లు విప్పించి, భార్యాభర్తలతో కలిపి ముగ్గురిని ముందు గదిలో కూర్చోబెట్టింది. మూడోవాడు హేమచంద్. కాలనీ వెనక వెంచర్‌లో విల్లాలు అమ్ముతాడు, ఖాళీ ఇళ్లూ అమ్మిపెడతాడు. డాబా గొట్టంలోంచి నెత్తురు కారుతోందని పోలీసులకు ఫోన్ చేసింది అతనే.

"ఈ కాలనీకి ఇదివరకు వచ్చారా?"

"ఇదే మొదటిసారండి. దారి తప్పాను."

"సుజిత్ తెలుసా?"

"మొహం కూడా చూళ్లేదండి. అసలు ఈ వీధి ఎక్కడుందో..."

ఆగాడు.

కిటికీ అద్దం సన్నగా వణికింది. గోడకున్న వంటసామాన్ల స్టాండులో స్టీలు పళ్లేలు గలగలమన్నాయి. అంకిత పిల్ల చెవులు మూసింది.

శోభారాణి ఏదో అడుగుతూనే ఉంది. అప్పుడు వచ్చింది విమానం. ఆమె మాట ఆమెకే వినపడలేదు.

మోత పోయింది.

"...నాకు తెలీదండి," హేమచంద్ మాట పూర్తిచేశాడు.

శోభారాణి అతన్నే చూసింది. కానిస్టేబుల్ భానుప్రకాశ్ చెవిలో ఏదో చెప్పింది. అతను పరుగెత్తాడు.

"మధ్యలో ఎందుకు ఆగినవ్?"

"విమానం వచ్చింది కదండీ."

"నువ్వు ఆగినప్పుడు రాలే. పళ్లేలే కదిలినయ్. ముందుగాల అవి మోగుతయని ఇక్కడ మసిలెటోళ్లకే ఎరుక. నాకే తెల్వలే. మొదటిసారి వచ్చినోనికి ఎట్ల తెలిసింది?"

హేమచంద్ గుమ్మం వైపు చూశాడు.

"పక్కింటి మేడ ఖాళీ. అమ్మిపెడతానని తాళంచెవి ఎవరు తీసుకున్నరు? అక్కడ కూసోని ఎన్ని విమానాలు చూసినవ్? పిట్టగోడ దూకితే ఈ డాబానే కదా."

హేమచంద్ లేచాడు. రెండు చేతులతో ఆమె గొంతు పట్టాడు. శోభారాణి మోకాలు ఎత్తి పొత్తికడుపులో పొడిచింది. జుట్టు పట్టి మొహాన్ని పళ్లేల స్టాండుకేసి కొట్టింది. స్టాండు ఊడింది. పళ్లేలు గదంతా దొర్లాయి. హేమచంద్ ముందుపళ్లు రెండు నేల మీద రాలాయి.

గుమ్మంలో భానుప్రకాశ్ నిలబడ్డాడు. చేతిలో నెత్తురు గడ్డకట్టిన చొక్కా.

"పక్క మేడ మీద దొరికింది మేడం. బాత్రూంల నానబెట్టిండు."

"ఆ మోత లెక్కలు బయటికొస్తే నా విల్లాలు ఎవడండీ కొనేది?" హేమచంద్ నోట్లోంచి నెత్తురు బుడగలొచ్చాయి. "ఆపమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

బేడీలు పడ్డాయి. జైపాల్ గోడకు జారగిలబడ్డాడు.

పళ్లేలన్నీ నేల మీదే ఉన్నాయి. ఈసారి విమానం చెప్పకుండా వచ్చింది. పిల్ల ఎగిరిపడి గుక్కపట్టింది. అంకిత ఒక చెవి మూసేలోపే, జైపాల్ విరిగిన వేళ్లతో రెండోది మూశాడు.