రుజువైన వాక్యం

తప్పు ఒప్పుకున్నవాడి ముఖం అలా ఉండదు. బరువు దించుకున్నట్టు భుజాలు జారాలి, లేకపోతే ఎదుటివాడి మీద కోపమైనా రావాలి. జైపాల్ మాత్రం అప్పగించిన పని చేసి వచ్చినవాడిలా నిలబడి, "ఔ సార్, పొద్దుగాల నేనే డోర్ బంద్ చేసి పోయిన. నా చేతుల్తోనే చేసిన" అన్నాడు. ఆ మాటే డిటెక్టివ్ పట్టాభి నిన్న ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్‌లో చెప్పాడు. సాయంత్రానికి జైపాల్‌ను స్టేషన్‌కు తీసుకెళ్లారు. ముగిసిన కేసు మనసును ఇలా ఎందుకు కెలుకుతోందో, దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసు కిటికీలోంచి బస్సుల్ని చూస్తున్న పట్టాభికి అంతుపట్టలేదు.

నాగోల్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో, తలుపు సగం తెరిచి ఉండగానే లిఫ్ట్ కదిలి వంటమనిషి అండాలు పాదం నలిగింది. లిఫ్ట్‌ను నడిపే బోర్డు తయారుచేసిన విశ్వేశ్వరరావు పట్టాభి దగ్గరికి వచ్చాడు. "మా బోర్డులో తప్పుండదండీ. లిఫ్ట్ ఎలా నడవాలో మా ఇంజనీరు అమల ముందే నమూనా రాసింది. ఎదురయ్యే ప్రతి పరిస్థితినీ కంప్యూటర్ చేత తరచి చూపించింది. డోర్ ఆఫ్‌లో ఉంటే తప్ప లిఫ్ట్ కదలదు. లెక్కల్లో రుజువైన సంగతి. ఎవరో కావాలని చేశారు." ఆ లిఫ్ట్ బాగోగులు చూసే మెకానిక్ జైపాల్. డోర్ బంద్ చేసింది తానేనని అతనే చెప్పాక పట్టాభికి శ్రమే లేకపోయింది.

"సార్, గింత చప్పుడుల ఏం ఆలోచిస్తరు? తలుపు బంద్ చెయ్యనా?" అన్నాడు అసిస్టెంట్ గజేందర్.

పట్టాభి చప్పున తిరిగాడు. "తలుపుని ఏం చేస్తావు?"

"బంద్ చేస్త. మూస్త. మీ గుడివాడల గింకేమంటరు?"

పట్టాభి చెప్పులు తొడుక్కున్నాడు.

కొత్తపేట దవాఖానలో అండాలు కాలు కదపకుండా పడుకుని ఉంది. "బియ్యం సంచి అడ్డం వడ్డది సార్. తలుపు దాన్ని మల్ల మల్ల గుద్దింది. ఆనక గమ్మునున్నది. ఊకున్నది గదా అని కాలు వెట్టి సంచి గుంజుతున్న. అప్పుడే కదిలింది."

ఆ మధ్యాహ్నం ఎల్బీనగర్‌లోని విశ్వేశ్వరరావు ఆఫీసులో ఇంజనీరు అమలతో సహా అందరూ కూర్చున్నారు. అండాలు కూతురు రాణి మాత్రం కూర్చోనంది. "మా సార్ గొంతు విన్నడంటే చాలమ్మా, దొంగెవడో చెప్తడు" అని గజేందర్ ఆమెకు ధైర్యం చెబుతుంటే, పట్టాభి తల దించుకున్నాడు.

"అమలగారూ, లిఫ్ట్ ఎప్పుడు కదలాలో ఎవర్ని అడిగారు?"

"జైపాల్ గారినేనండి. లిఫ్టుల సంగతి ఆయనకే బాగా తెలుసని."

"ఆయన మాట ఆయన అన్నట్టే చెప్పండి."

"డోర్ బంద్ ఉంటెనే లిఫ్ట్ నడ్వాలె, అన్నారు."

"నమూనాలో ఎలా రాశారు?"

"డోర్ మోటారు ఆఫ్‌లో ఉంటేనే..." అమల తన మాటను తనే విని ఆగింది. "మాది తెనాలండి. కరెంటు బంద్, ఫ్యాన్ బంద్ అంటుంటారు కదా. ఆపెయ్యడమే అనుకున్నాను" అంది.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు పట్టాభి. "సంచి అడ్డం పడింది. గుద్ది గుద్ది తలుపు మోటారు వేడెక్కి దానంతట అదే ఆగింది. తలుపు సగం తెరిచే ఉంది, కానీ మీ నమూనా లెక్కలో అది బంద్. లిఫ్ట్ కదిలింది. జైపాల్ దేన్నీ ఆపలేదు. పొద్దున పని అయ్యాక తలుపు మూసి వెళ్లాడు. అదే నాకు చెప్పాడు."

"అయితే మా రుజువు తప్పంటారా?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"రుజువు తప్పు కాదు. అమలగారు రాసిన వాక్యాన్ని కంప్యూటర్ నిజాయితీగానే రుజువు చేసింది. జైపాల్ చెప్పిన వాక్యం అది కాదు, అంతే. తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టుకు కరెంటు అందించే పాత స్విచ్ ఒకటి ఉండాలి. ఏమైంది?"

విశ్వేశ్వరరావు అమల వైపు చూడలేదు. "రుజువు చేతిలో ఉండగా అదెందుకని నేనే తీయించాను."

"అది ఉండి ఉంటే మాట తప్పుగా విన్నా పాదం దక్కేది."

అమల కళ్లు తుడుచుకోలేదు. "ఆయన్ని మళ్లీ ఒక్కసారి అడిగి ఉండాల్సింది. నెలల తరబడి కంప్యూటర్‌నే అడుగుతూ కూర్చున్నాను."

"మా మాటకు గింత తాకత్ ఉన్నదని నాకే తెల్వదు సార్" అని గజేందర్ నవ్వబోయి, రాణి ముఖం చూసి ఊరుకున్నాడు.

"అన్నీ సమజైనయి" అంది రాణి. "గా రావుగారు స్విచ్ తీపిచ్చిండు, గీ అక్క తప్పు రాసింది. మరి జైపాలన్న లోపలెందుకున్నడు?"

ఆ ప్రశ్న అమలకూ విశ్వేశ్వరరావుకూ కాదు, తనకేనని పట్టాభికి తెలుసు. ఇన్నేళ్ల వృత్తిలో పోలీసులకు తాను చెప్పిన మాటను అతను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు కూడా తన తప్పు చెప్పకుండానే స్టేషన్‌కు వెళ్లి మెల్లగా నచ్చజెప్పవచ్చు, కొత్త ఆధారం దొరికిందనవచ్చు. అలా ఎన్ని రకాలుగా అనవచ్చో ఆలోచిస్తూ ఉండిపోయాడు. రాణి ఇంకా అతన్నే చూస్తోంది.

పట్టాభి ఫోన్ తీసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి, ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కాడు.