పన్నెండో తలుపు

కూతురు చూడబోయేది ఏదైనా సరే, ముందు తాను చూడాలి. అది శశికళ పట్టుదల. సీరియల్ అయినా అంతే, సెల్‌ఫోన్‌లో పాట అయినా అంతే. వారానికి ఆరు రోజులు తాను వేలూరులో, ఆసుపత్రి పనిలో. పదమూడేళ్ల చిన్నమణి గుడియాత్తంలో, అవ్వ అలివేలమ్మ దగ్గర. పిల్ల తిన్నదా, పడుకున్నదా అని ఫోన్లో అడగొచ్చు. పిల్ల మనసులోకి ఏం దూరిందో ఎట్లా అడిగేది?

మొగుడు సుబ్బరాయులు శ్రీపెరంబుదూరు దగ్గర కొరియావాళ్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమనిషి. సొంత దేశానికి తిరిగిపోతూ ఒక ఇంజినీరు తన డీవీడీ ప్లేయర్‌నీ, అట్టపెట్టె నిండా సినిమాలనూ అతనికి ఇచ్చి పోయినాడు. వాటిలో ఒకటి ఆడపిల్లల బడిలో జరిగే కొరియా దెయ్యం సినిమా.

"మా క్లాసులో అందరూ ఇట్లాంటివి చూసేసినారుమా. నేనొక్కదాన్నే ఏమీ తెలీని బెప్పిగా ఉండా" అని చిన్నమణి పోరు పెట్టింది.

లెక్కల్లో తొంభై దాటితే చూద్దువులే అని శశికళ నోరు జారింది. తొంభై నాలుగు వచ్చినాయి. అబద్ధం ఆడొద్దు, ఇచ్చిన మాట తప్పొద్దు. పిల్లకు తాను నూరిపోసింది అదే. ఇప్పుడు తానే తప్పితే ఎట్లా?

పోయిన ఆదివారం చిన్నమణి ట్యూషన్‌కు పోయినాక, డిస్కు పెట్టుకొని రిమోట్ చేతబట్టి కూర్చుంది. తెర మీద ఒక పొడుగాటి వరండా వచ్చింది. వరసగా ఇరవై తలుపులు, ఒక్కో తలుపు మీద ఒక్కో అంకె. ఏ తలుపు నొక్కితే సినిమా అక్కడినుంచి నడుస్తుంది. ఎక్కడో బూట్ల చప్పుడు, చాక్‌పీసు గీరిన చప్పుడు.

కథ పెద్దగా ఏమీ లేదు. ఆఖరి బెంచీలో ఒక పిల్ల. ఆ పిల్లతో ఎవరూ మాట్లాడకూడదని క్లాసంతా ఒట్టు పెట్టుకుంది. కొన్నాళ్లకు టీచరు కూడా హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దాటేసి పోయేది. పదకొండో తలుపు అయ్యేటప్పటికి ఆ పిల్ల మేడ మీదినుంచి దూకేసింది. పన్నెండులో తిరిగి వచ్చి, ఖాళీ క్లాసులో తన బెంచీలోనే కూర్చుంది. మెల్లగా తల తిప్పింది. ఇటువైపు. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది...

శశికళ బటన్ నొక్కేసింది. సినిమా పదమూడుకు దూకింది. ఆ బెంచీ మీద ఒక తెల్లపువ్వు, అంతే. హమ్మయ్య అనుకుంది.

చీటీ మీద తమిళ అక్షరాల్లోనే రాసింది, తెలుగు మాట్లాడడమే కానీ రాయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. '12 వద్దు.' కింద రెండు గీతలు. మందుల చీటీ అయినా, సరుకుల చీటీ అయినా ముఖ్యమైనదాని కింద ఆమె రెండు గీతలు గీస్తుంది. చీటీని టీవీకి అంటించింది.

శనివారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఆసుపత్రి బట్టల గదిలో శశికళ, తోటి ఆడవాళ్లు దుప్పట్లు మడత పెడుతున్నారు. ఉతికిన బట్టల ఆవిరి, ఫినాయిల్ వాసన. ఫోన్ మోగింది.

"అమ్మా... సినిమా చూస్తా ఉండా."

"పన్నెండు దాటేసినావా?"

"దాటేసినా అమ్మా. పదమూడులో ఉండా." పిల్ల గొంతు తగ్గింది. "ఆ పిల్ల ఉండాదిమా."

"యాడ?"

"బెంచీలో. ఇట్లే చూస్తా ఉండాది."

శశికళ చేతిలో దుప్పటి ఆగిపోయింది. పదమూడులో పువ్వే కదా ఉన్నింది. "ఆపేయ్ పాపా. ప్లగ్గు పీకేయ్."

"పీకినా అమ్మా. పోలేదు."

"అవ్వ యాడుండాది?"

"అవ్వకు కనపడలేదంట. అమ్మా... అది నన్ను అడిగింది. మన మాటల్లోనే అడిగింది. నన్ను దాటేయమన్నది ఎవరు అని."

"నువ్వేం చెప్పినావు?"

"అబద్ధం చెప్పకూడదు కదామా," అంది చిన్నమణి ఏడుపు గొంతుతో. "నీ పేరు చెప్పినా."

ఫోన్ కట్టయింది.

గదిలో ఫినాయిల్ వాసన లేదు. సుద్దపొడి వాసన. ముక్కులో, గొంతులో, నాలుక మీద. ఆమె మళ్లీ ఫోన్ చేసింది. అలివేలమ్మ తీసింది.

"అత్తా, పాపను బయటికి తీసుకుపో! అత్తా!"

"ఎవురూ? హలో... ఎవురూ మాట్లాడరే." అవతల పెట్టేసింది.

అప్పుడే సూపర్‌వైజర్ కృష్ణమూర్తి పుస్తకం పట్టుకుని వచ్చినాడు. మూడు గంటల హాజరు. శశికళది పన్నెండో పేరు.

"పది, కలైయరసి. పదకొండు, పొన్నమ్మ. పదమూడు, జెసింత."

"ఉండా సార్."

"సార్, నన్ను పిలవలేదు" అంది శశికళ. ఆయన పుస్తకం మూసినాడు. "సార్!" ఆయన ఆమె పక్కనుంచే పోయినాడు, స్తంభం పక్కనుంచి పోయినట్టు.

శశికళ పక్కనున్న జెసింత చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకైనా వినపడతా ఉండానా?"

జెసింత ఆ చేతిని దులుపుకుంది, దోమ వాలినట్టు. "ఏమ్మే పొన్నమ్మా, శశి ఇంకా రాలేదా? ఈ గుట్టంతా నా నెత్తిన పడేసి యాడికి పోయిందో మహారాణి!"

పొన్నమ్మ నవ్వింది.

శశికళ సంచి భుజాన వేసుకుని, ఆసుపత్రి నీలం చీరతోనే పరుగెత్తింది. గుడియాత్తం బస్సులో కండక్టరు ముందు సీటుకు టికెట్ ఇచ్చినాడు, వెనక సీటుకు ఇచ్చినాడు. ఆమె చాపిన నోటును చూడనే లేదు. పళ్లికొండలో ఎక్కిన ఒకాయన నేరుగా వచ్చి ఆమె ఒళ్లో కూర్చోబోయినాడు. ఆమె కిటికీ మూలకు ఒదిగిపోయింది. నా సంగతి సరే... నా బిడ్డకు ఏమీ కాకూడదు. నన్నేం చేసుకున్నా చేసుకోనీ. దారి పొడుగునా అదే మాట.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. తలుపు తెరిచే ఉంది. ఇంట్లోనూ సుద్దపొడి వాసన.

చిన్నమణి చాప మీద కూర్చుని ఉంది. బతికే ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. శశికళ మోకాళ్ల మీద కూలబడి బిడ్డను వాటేసుకుంది. చిన్నమణి వణికి, భుజాలు దగ్గరికి లాక్కుంది.

"చలిగా ఉండాదవ్వా."

"ఈ ఎండలో చలా?" అలివేలమ్మ వంటింట్లోనుంచి రెండు గ్లాసుల పాలు తెచ్చి చాప మీద పెట్టింది. "ఇద్దరూ తాగండమ్మా."

ఇద్దరూ? చాప మీద చిన్నమణి పక్కన ఎవరూ లేరు. అయినా రెండో గ్లాసులో పాలు తగ్గుతున్నాయి.

ప్లగ్గు నేల మీద పడి ఉంది. టీవీ నడుస్తోంది. క్లాసు ఖాళీ. ఆఖరి బెంచీలో ఒక ఆడమనిషి. ఆసుపత్రి నీలం చీర, భుజాన సంచి. పిలవని పేరుకు జవాబు చెబుతున్నట్టు చెయ్యి పైకెత్తి ఉంది. మెల్లగా తల తిప్పింది. ఇటువైపు...

"అవ్వా, ఈ ఆంటీ ఏదో చెప్పబోతా ఉండాది" అంది చిన్నమణి.

"పాపా! నేను! అమ్మను!"

తెర మీది ఆడమనిషి నోరు కూడా అప్పుడే తెరుచుకుంది. చప్పుడు లేదు.

చిన్నమణి రిమోట్ తీసుకుంది. "దీన్ని చూడకూడదు. అమ్మ రాసి పెట్టింది కదా."

శశికళ చీటీ వైపు చూసింది. '12 వద్దు' కింద, '13 వద్దు.' తాను రాయలేదు, కానీ తన రాతే. తన రెండు గీతలే. దాని కింద 14 అన్న అంకె. వద్దు అన్న మాట ఇంకా పడలేదు. ఆ సిరా ఆరనూ లేదు.

మాట వినే పిల్ల చిన్నమణి. దాటేసే బటన్ నొక్కింది.