కోటు లైనింగులో నూనె సీసా

2011 డిసెంబరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయటికి రాగానే డోర్కాస్ ట్రాలీ వదిలేసి, చేతిలోని నల్ల కోటును శామ్ మొహం మీదికి విసిరింది.

"ఇంకోసారి నాకేమన్నా కుట్టినవంటే చేతులిరగ్గొడ్త!"

శామ్ తెచ్చిన బంతిపూల దండ నేలపాలైంది. ఆమెతో వచ్చిన చర్చి క్వయర్ వాళ్లు వెనకే ఆగి చోద్యం చూస్తున్నారు.

"ఏమైంది? జర చెప్పు, డోర్కాస్."

"ఏమైందా? బుడాపెస్ట్‌కు పాటలు పాడనీకే పోయిన్నా నేను? ఆ పార్లమెంటు చూడనీకే పోయిన! ఇంటర్ల నోట్‌బుక్ అట్ట మీద దాని ఫొటో అంటించుకున్న. ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"చానాసార్లు."

"ఆ పార్లమెంటు గేటు కాడ చెకింగ్ మిషన్ల కోటు పెట్టంగనే లోపల సీసా కనవడ్డది. పేరు లేదు, లేబుల్ లేదు!"

శామ్ కోటు లోపలివైపు తడిమి చూశాడు. అతను శంషాబాద్ బస్టాండు దగ్గర టైలర్. చలిదేశం పోతోందని కోటు కుట్టి ఇచ్చాడు. ప్రయాణంలో కాపాడుతుందని పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసాను ఆమె వద్దంటే, చెప్పకుండా లైనింగులో పెట్టి కుట్టేశాడు. పోయేటప్పుడు కోటు సూట్‌కేసులో ఉంది కాబట్టి బయటపడలేదు.

"నీ కుట్టు ఎంత సన్నగున్నదంటే, నేనే కావాలని దాచిన అనుకున్నరు. వాళ్లననేదేముంది, వాళ్ల డ్యూటీ. లైనింగు నేనే చింపి చూపించిన. అప్పటికే వీళ్లందరూ లోపలికి పోయిన్రు, టైము దాటిందని నన్ను పోనియ్యలే. గంటసేపు బయట బెంచి మీద కూసున్న!"

"తప్పయింది. నీకు మంచిగుండాలనే..."

"ఇంకా అయిపోలే! సీసాకు చుట్టిన కాయితం ఏంది? దాంట్ల ఏం రాసుందో చెప్పమన్నరు. లైను మొత్తం ముందర ఇంగ్లీషుల చెప్పిన. 'ప్రభువా, ఆమెను క్షేమంగా తీసుకొని రా. ఆమె నన్ను చేసుకోకున్నా సరే.'"

శామ్ చెవులు కందిపోయాయి. క్వయర్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. డోర్కాస్ వెనక్కి తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"నాలుగేండ్లు బండి మీద నన్ను ప్రాక్టీసుకు తీస్కపోయినవ్. ఒక్కసారన్న నోరు తెరిచినవా? దేవునికి చెప్పినవ్, నూనె సీసాకు చెప్పినవ్. నాకు మాత్రం ఎవరో సెక్యూరిటాయన అడిగితే తెలిసింది!"

పార్లమెంటు చూడలేకపోయినందుకంటే ఆమెకు దీనికే ఎక్కువ మండింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవీ కోపంతోనే.

"ఇగ నా మొఖం చూసి చెప్పు. గట్టిగ."

ట్యాక్సీవాళ్ల కేకల మధ్య శామ్ కోటును గుండెకు హత్తుకుని చెప్పాడు.

"నువ్వంటే నాకు పాణం. నన్ను చేసుకుంటవా?"

డోర్కాస్ ముక్కు తుడుచుకుని ట్రాలీని అతని వైపు తోసింది.

"చేసుకుంట. గానీ ఆ పార్లమెంటు లోపలికి నువ్వే తీస్కపోవాలె. ఆ రోజు కోటు నువ్వేసుకో, సీసా గిట్ల ఉంటే బెంచి మీద నువ్వు కూసో."