ఆ సినిమాలో తల్లి లేదు

ఆదివారం పొద్దున్నే రామలక్ష్మమ్మ ఉగ్గాని కోసం బొరుగులు నీళ్లలో ముంచి పిండుతూ ఉండగా, పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు ఫోనులో మాట్లాడడం వినిపించింది. ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ముకు భయపడి ఆ ఇంటి వంటగది కిటికీని ఎప్పుడూ మూసే ఉంచుతారు. అయితే కిటికీ రెక్కలు ఎండకు వంకరపోయి, వాటి మధ్య వేలెడు సందు ఏర్పడింది. ఆ సందు సంగతి, ఇంటికి వచ్చి రెండేళ్లయినా నిండని యామినికి తెలియదు.

"ఆ తల్లి పాత్ర ఉండాదే, పైకి రాయి మాదిరుంటాది," అంటోంది యామిని, గొంతు బాగా తగ్గించి. "లోపల యేముండాదో యెవురికీ తెలీనీదు. అయినా నాకు నమ్మకముండాది, రెండో సగంలో మెత్తబడుతుంది... అయ్యో, మళ్లీ ఏడుస్తాండావా? ఏడవొద్దు. పెట్టేస్తాండా, మళ్లీ చేస్తా."

రామలక్ష్మమ్మ చేతిలోని బొరుగులు అవసరానికి మించి పిండబడి ముద్దయ్యాయి. సినిమా గురించి మాట్లాడుకోవడానికి గొంతు తగ్గించడం దేనికి? సినిమా చూసి ఏడ్చేవాళ్లను ఆమె ఎరుగును. పొద్దున్నే, ఫోనులో, సినిమా కథ విని ఏడ్చేవాళ్లను మాత్రం ఎరగదు.

యామిని ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చేసరికి రామలక్ష్మమ్మ పొయ్యి దగ్గర మామూలుగానే ఉంది.

"ఎవురితో మాట్లాడతాంటివి?"

"శివకుమారితో, అత్తా. నాతోపాటు డిగ్రీ చదివింది. పోయిన ఆదివారం మేమిద్దరం పోయి ప్రొద్దుటూరులో చూసినాము చూడు, ఆనకట్ట మీద కొట్లాటలుండే సినిమా, దాని గురించి."

"తల్లి వేషం శానా బాగుందంట కదా. ఎవురేసినారు?"

తిరగమోత గింజలు చిటపటమన్నాయి. యామిని బకెట్టు మూల పెట్టింది. "పేరు తెలీదు అత్తా. కొత్తామె," అని, ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది.

నూరిన పచ్చిమిర్చి కలపక ముందే రామలక్ష్మమ్మ ఎప్పటిలాగే ఒక చిన్న గిన్నెడు ఉగ్గానిని పక్కకు తీసింది. కారం లేని ఆ ఉగ్గాని తన కడుపుమంట కోసమని ఆమె చెప్పేది. చెప్పిన వెంటనే దానిలోకి రెండు మిరపకాయ బజ్జీలు నంజుకునేది. ఈ వైరుధ్యాన్ని ఆ ఇంట్లో ఎవరూ పైకి ఎత్తి చూపలేదు.

ఆమె అనుమానానికి మూలం కోడలి నడవడిలో లేదు. అది మూడేళ్ల కిందటి ఒక మధ్యాహ్నంలో ఉంది. అంతవరకు ఆ ఇంట్లో సినిమా అంటే పండుగ. భర్త పోయాక రామలక్ష్మమ్మకు సినిమా తోడు కూతురు శ్రావణే. ఇద్దరూ బస్సెక్కి ప్రొద్దుటూరు మ్యాట్నీకి పోయేవారు. వీలుకాక ఒకరే చూసి వస్తే, రెండోవారికి వంటింట్లో కూర్చుని కథంతా చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. ఇద్దరూ చూడడం పూర్తయ్యాక అడగవలసిన ప్రశ్న ఒకటే: "నువ్వు యాడ ఏడ్చినావు?" ఏడ్చిన చోట్లు కలవకపోతే వాదన మొదలయ్యేది. "నీది గుండె కాదే, సిమెంటు బిళ్ల," అని తల్లి. "నీ కండ్లకు కొళాయి పెట్టించినారు మా, తిప్పితే చాలు," అని కూతురు.

ఆ మధ్యాహ్నం రామలక్ష్మమ్మకు మోకాలు నొప్పి. "సినిమాకు పోయొస్తా మా, వచ్చి కథ చెప్తా," అని బయలుదేరిన శ్రావణి సినిమాకు పోలేదు. కర్నూలులో ఒక గుడిలో, తనతోపాటు చదివిన హనుమేష్‌ను పెళ్లి చేసుకుని, మరునాడు ఫోను చేసింది. హనుమేష్‌ది మంత్రాలయం దగ్గరి పల్లె, కాపురం కర్నూలులోనే. కులం వేరు. "కులం సంగతి కాదు, నాతో అబద్ధమాడింది," అని రామలక్ష్మమ్మ ఊరందరితోనూ అన్నది. కూతురి పేరు ఈ ఇంట్లో వినిపించకూడదని కొడుకు భూపేష్‌కు గట్టిగా చెప్పింది. తాను సినిమాలు మానుకుంది.

కాబట్టి ఆ ఇంట్లో సినిమా అనే మాటకు అప్పటినుంచీ ఒకే అర్థం మిగిలింది: ఎవరో వెళ్లిపోబోతున్నారు. పాపం, తరువాత కోడలిగా వచ్చిన యామినికి శ్రావణి వెళ్లిందని తెలుసు కాని, ఏ మాట చెప్పి వెళ్లిందో ఎవరూ చెప్పలేదు.

మంగళవారం మళ్లీ ఫోను. ఈసారి మేడమెట్ల మీద. "ఆమె నవ్వింది, నిజంగా నవ్వింది, నేను చూసినా," అన్న ఒక్క ముక్కే రామలక్ష్మమ్మ చెవిన పడింది. అడుగుల చప్పుడు వినగానే ఫోను కొంగులోకి పోయింది. ఎవరికి చెబుతోంది? మగవాడికా? ఆ ఆలోచనకు రామలక్ష్మమ్మ తానే సిగ్గుపడింది, కాని దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. తోసిపుచ్చాలంటే ఒకటే మార్గం ఉంది. ఆ సినిమా చూడాలి.

బుధవారం, కోడలితో గుడికని చెప్పి, పక్కింటి ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని ఆమె ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఉరుకుందమ్మ ఆదోని వైపు మనిషి. ఎక్కడ కూర్చున్నా నలుగురికి వినబడేటట్లు మాట్లాడుతుంది.

"ఏమక్కా, ఇన్నేండ్లకు నీకు సినిమా మీద మనసు పుట్టిందే!"

"నువ్వు గమ్మునుండు. నాకు ఒక పాత్రను చూసేది ఉండాది."

తెర మీద నాయకుడు ఆనకట్ట మీదికి ఎక్కాడు, దిగాడు, నలభైమందిని కొట్టాడు. నాయిక తల్లి మొదటి సన్నివేశంలోనే దండ వేసిన పటమై గోడకు వేలాడుతోంది. నాయకుడి తల్లి మాటే రాలేదు. రామలక్ష్మమ్మ తెరను అచ్చం పోలీసులాగా శోధించింది. గుంపులో ముసలామె కనిపిస్తే ముందుకు వంగింది. ఆమె కూరగాయలు అమ్ముకుని వెళ్లిపోయింది.

"యేం వెదుకుతాండావక్కా?" అని ఉరుకుందమ్మ కండ్లు తుడుచుకుంటూ అడిగింది.

"నువ్వెందుకు ఏడుస్తాండావే? కొట్లాట కదా అది!"

"నేను దుడ్లిచ్చి వచ్చిందే ఏడ్చేదానికక్కా. కొట్లాటయితే నాకేమి?"

ఇంటర్వెల్ అయింది. రెండో సగం గడిచింది. మెత్తబడవలసిన తల్లి రాలేదు. నాయకుడు గేట్లు ఎత్తాడు, నీళ్లు పారాయి, దీపాలు వెలిగాయి.

తిరుగు బస్సులో రామలక్ష్మమ్మ వరుసగా ఆలోచించింది. సినిమాలో తల్లి లేదు. యామిని చెప్పిన తల్లి ఉంది. అంటే ఆ తల్లి సినిమా బయట ఉంది. పైకి రాయి మాదిరి ఉండే తల్లి, ఆ ఇంట్లో, ఒక్కతే. కోడలు తనమీద కథలల్లి, ఎవరికో చెప్పి, వినేవాళ్లను ఏడిపిస్తోంది. ఎందుకు? వేరు కాపురానికి దారి చేసుకోవడానికి. కూతురు సినిమా పేరు చెప్పి వెళ్లిపోయింది. ఇప్పుడు కోడలు అదే పేరుతో కొడుకును తీసుకుపోతుంది. ప్రతి మెట్టూ తరువాతి మెట్టుకు సరిగ్గా ఆనినట్లే తోచింది. మొదటి మెట్టు ఎక్కడ పెట్టిందో మాత్రం ఆమె చూసుకోలేదు.

మళ్లీ ఆదివారం. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగం చూసే భూపేష్‌కు ఆ రోజు సెలవు. పళ్లెంలో ఉగ్గాని, పక్కన బజ్జీలు. రామలక్ష్మమ్మ కారం లేని గిన్నెను పక్కకు తీసి, మూత పెట్టి, కోడలి ఎదుట కూర్చుంది.

"ఆ సినిమాలో తల్లి లేదు," అన్నది.

యామిని చేతిలోని గరిటె ఆగింది. "ఏ సినిమా అత్తా?"

"ఆనకట్ట సినిమా. నేను పోయి చూసొచ్చినా. ఒకామె పటంలో ఉండాది, దండేసుకొని. ఆమె మెత్తబడేది యాడ? నువ్వు యెవురి గురించి చెప్తాండావు?"

"మా, నువ్వు సినిమాకు పోయినావా?" భూపేష్ నోట్లో బజ్జీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

"నువ్వుండు నాయనా. నీ పెండ్లాము నన్ను బజారున పెడతాంది. నేను రాయంట. ఆమె చెప్తాంటే అవతల యెవురో ఏడుస్తాండారు. నేనేం పెట్టరాని బాధ పెట్టినా? వేరు పోవాలనుంటే నా ముఖాన చెప్పి పోండి. సినిమాలు, పాత్రలు, ఈ దొంగమాటలెందుకు?"

"వేరు పోయేదా? నేనా?" యామిని కండ్లలో నీళ్లు నిండాయి. "అంత మాట అనొద్దత్తా."

"అయితే ఫోను చెయ్యి. ఆ శివకుమారికే. నా ముందర. గొంతు అందరికీ వినపడేటట్లు పెట్టు."

"వద్దత్తా."

"ఎందుకొద్దు?"

యామిని భర్త వైపు చూసింది. భూపేష్ పళ్లెం వైపు చూశాడు. ఆ రెండు చూపులూ రామలక్ష్మమ్మ కంట పడ్డాయి. కొడుకుకూ ఇందులో భాగం ఉంది.

"చెయ్యి యామినీ," అన్నాడు భూపేష్ మెల్లగా. "ఇంక దాచేదానికి లేదు."

ఫోను మోగింది. అవతల ఎత్తీ ఎత్తకముందే ఒక గొంతు ఆత్రంగా అందుకుంది:

"వదినా! ఈరోజు ఉగ్గాని చేసిందా? కారం లేనిది ఈరోజు కూడా పక్కకు తీసిందా?"

రామలక్ష్మమ్మ చూపు మూతపెట్టిన గిన్నె మీద నిలిచింది. కారం తగిలితే కండ్లు ఎర్రబడి, ఏడుపుకు వచ్చే పిల్ల ఒకతే ఆ ఇంట్లో పుట్టింది. ఆ పిల్ల కోసం చిన్నప్పటినుంచి పక్కకు తీసిన గిన్నె, ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా ఆగలేదు. పేరు ఎత్తవద్దని నోటికి చెప్పుకుంది కాని, చేతికి ఎన్నడూ చెప్పుకోలేదు. ఇది ఎవరూ గమనించలేదని అనుకుంది. కోడలు గమనించింది. గమనించి, దాన్ని వార్తగా కర్నూలుకు పంపింది.

"వదినా? పలకవేంది? అమ్మ ఉండాదా పక్కన? అయితే సినిమా మాదిరే చెప్పు."

"సినిమాలో తల్లి లేదే," అన్నది రామలక్ష్మమ్మ. "నేను పోయి చూసొచ్చినా."

అవతల ఏడుపు వినిపించింది.

"నెంబరు ఇచ్చింది నేనే మా," అన్నాడు భూపేష్. "నువ్వు పలకొద్దన్నావు. నేను పలకలేదు. యామినికి అట్లాంటి ఆన లేదు కదా."

"గోడలకు చెవులుండాయని సినిమా మాదిరి చెప్పుకుంటాంటిమి అత్తా," అన్నది యామిని. "సినిమా మాటలయితే ఎవురికీ అనుమానం రాదని."

అనుమానం రావడానికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మాటను ఏరి పట్టుకున్న కోడలిని రామలక్ష్మమ్మ చాలాసేపు చూసింది. తిట్టాలో నవ్వాలో ఆమెకు తేలలేదు. ఫోనును తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వు చూసినావా ఆ సినిమా?"

"లేదమ్మా. నేను ఏ సినిమా చూల్లేదు, ఆ దినం నుంచి. హాలు ముందర నిలబడితే కాళ్లు పోవు. నీతో చెప్పిన అబద్ధం అదే కదా."

"అదొక్కటే నాకు మింగుడు పడలేదే," అన్నది రామలక్ష్మమ్మ. గొంతులో పాత పట్టుదల మళ్లీ లేచింది. "కులమని కాదు. నాతో అబద్ధం..."

"నిజం చెప్పింటే పోనిచ్చేదానివా మా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అందుకే దానికి జవాబు చెప్పవలసి వచ్చింది. మూడేళ్లుగా ఆమె అబద్ధం దగ్గరే ఆగిపోయింది. ఆ అబద్ధానికి వెనుక ఏముందో చూడడానికి ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. ఇప్పుడు వేసింది. అక్కడ తానే నిలబడి ఉంది, తలుపుకు అడ్డంగా.

"పోనిచ్చేదాన్ని కాదు," అన్నది.

యామిని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ పిల్లోడు యాడ?" అన్నది రామలక్ష్మమ్మ కొంతసేపటికి. హనుమేష్ పేరు నోటికి రాలేదు.

"ఈడనే ఉన్నాడమ్మా. బట్టలు ఇస్త్రీ చేస్తాండాడు."

"కారం తింటాడా?"

"నీకంటే ఎక్కువే."

"అయితే ఇద్దరూ బయలుదేరండి. రైలయినా, బస్సయినా. ఈ బొరుగులు సాయంత్రానికి పనికిరావు, మళ్లీ చేస్తా."

భూపేష్ లేచి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. కుళాయి నీళ్లు అవసరానికంటే ఎక్కువసేపు పారిన చప్పుడయింది. రామలక్ష్మమ్మ కోడలిని పక్కన కూర్చోమని సైగ చేసి, మూత తీసి, కారం లేని గిన్నెను ఆమె ముందుకు జరిపింది.

"తిను. ఈపొద్దు నాకు కడుపుమంట లేదు."

ఫోనులో శ్రావణి ఇంకా ఉంది. ముక్కు ఎగబీలుస్తూనే, చాలా కాలంగా అడగని ప్రశ్నను అడగడానికి తడబడుతోంది.

"అమ్మా... ఆ సినిమాలో నువ్వు యాడ ఏడ్చినావు?"

ఆ బుధవారం హాల్లో, ఉరుకుందమ్మ బజ్జీల కోసం బయటికి పోయినప్పుడు, రామలక్ష్మమ్మ తన సంచిని రెండోపక్క ఖాళీ కుర్చీలో పెట్టుకుని కూర్చుంది. ఎవరో వచ్చి, "ఈ సీటుకు మనుషులు వస్తారామ్మా?" అని అడిగారు. చేయి సంచి మీద పెట్టి, "వస్తారు," అని చెప్పేసింది. ఎవరు వస్తారని చెప్పిందో అప్పుడు తనకే తెలియలేదు.

"ఇంటర్వెల్‌లో," అన్నది.

"ఇంటర్వెల్‌లో ఏడ్చేదానికి యేముంటాది మా?"

"నువ్వు రా. వచ్చినాక చెప్తా."