పదిహేడో బిళ్ళ

సముద్రం ఒడ్డు రోడ్డులో ఉన్న ఆటల గదికి మంచి పేరు లేదు. వాన రోజున, చీకటి పడ్డాక, అందరి గొడుగులూ పోయి ఒక్క గొడుగు మిగులుతుందట. పదిహేడో నంబరుది. దాన్ని తెచ్చినవాణ్ణి చూసినవాళ్ళు లేరు. తీసుకుపోయినవాణ్ణి చూసినవాళ్ళూ లేరు.

ఇలాంటి మాటలు వింటే నాకు విసుగు. పని ఎగ్గొట్టడానికి మనిషి చెప్పే సాకుల్లో దెయ్యం ఒకటని నా అభిప్రాయం. అయితే ఈ సంగతి నాకు చెప్పింది మా ఆవిడ తమ్ముడు. వాడికి తాగుడు లేదు, కోతలు కొయ్యడం రాదు. అందుకని వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ గది ఒకప్పుడు మంచు దిమ్మలు దాచే గోదాము. రోడ్డు మీంచి పదకొండు మెట్లు దిగాలి. గోడలు మూరెడు మందం. కిటికీ అన్నది లేదు. మంచు వ్యాపారం మూతపడ్డాక దాన్ని ఆటల గది చేశారు. మా దగ్గర వాన పట్టుకుందంటే నాలుగైదు రోజులు వదలదు. ఇళ్ళలో కూర్చోలేక, ఒడ్డు మీదికి పోలేక, జనం అక్కడ చేరేవారు. ముందు హాల్లో టేబుల్ టెన్నిస్, చదరంగం. లోపలి గదిలో క్యారమ్ బల్లలు, ముక్కలు పేర్చి బొమ్మ చేసే అట్టపెట్టెలున్న అల్మరా. రెంటికీ మధ్య పాత గోదాము తలుపు — వదిలితే తన బరువుకి తనే మూసుకునేది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. తడి గొడుగు కిందికి తేకూడదు. పై వరండాలో నలభై రంధ్రాల చెక్క స్టాండు ఉంటుంది. గొడుగు అందులో పెడితే ఆ నంబరున్న ఇత్తడి బిళ్ళ చేతికిస్తారు. పోయేటప్పుడు బిళ్ళ ఇచ్చి గొడుగు తీసుకోవాలి. గోడకి నలభై మేకులు. నలభై మేకులకీ నలభై బిళ్ళలు చేరాయంటే కింద ఎవరూ లేనట్టే. అప్పుడు తాళం.

ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం, అప్పటి కాపలాదారు ఆ లెక్క చూడలేదు. వాన ముదురుతోంది, ఇంటికి పోవాలి. అందరూ పోయుంటార్లే అనుకుని తాళం వేశాడు.

లోపలి గదిలో, గడియారాలు బాగుచేసే ఆయన ఒక్కడే క్యారమ్ ఆడుకుంటున్నాడు.

ఆ రాత్రి సముద్రం పోటు మీదుంది. వాననీళ్ళు బయటికి పోవాల్సిన మోరీలోంచి సముద్రమే లోపలికి వచ్చింది. రోడ్డు మీద పోయినవాళ్ళకి కింద నుంచి టక్... టక్... అని సన్నగా వినిపించిందట. ఏదో రేకు కొట్టుకుంటోంది అనుకున్నారు. తెల్లారి తలుపు తీస్తే, ఆయన ఒక చేతిలో క్యారమ్ స్ట్రైకరు ఉంది. రెండో పిడికిట్లో పదిహేడో బిళ్ళ ఉంది.

నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి మావాడు ఆ కాపలా ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అంతకు ముందు ఏడేళ్ళు పనిచేసిన పెద్దాయన తాళాలు అప్పగిస్తూ ఒక మాట చెప్పాడు.

"అన్ని బిళ్ళలూ లెక్క చూసుకో. పదిహేడు మాత్రం లెక్కలోకి రాదు."

"అదేంటి తాతా?"

"వాన రోజున ఒక్కోసారి అది మేకు మీద ఉండదు. వెతక్కు. తాళం వేసి వెళ్ళిపో. ఆ గొడుగాయన తనే పోతాడు."

"మరి కింద చప్పుడైతే?"

పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అవుతుంది... వినపడనట్టు ఉండు."

మావాడు నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి పదిహేడో బిళ్ళ ఎవరికీ ఇవ్వలేదు. పదహారు అయ్యాక పద్దెనిమిది ఇచ్చేవాడు.

ఇది జరిగింది వాన పట్టుకున్న మూడో రోజున. మధ్యాహ్నానికే గది నిండిపోయింది. రిటైరైన బస్సు డ్రైవరు, మందుల షాపాయన చదరంగం ముందు కూర్చున్నారు. రోజూ వచ్చే గుసగుసల పిన్నీ వచ్చింది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట పెగలదు, గుసగుస తప్ప. అందుకే ఆ పేరు.

"పిన్నీ, ఇవాళైనా గొడుగు తెచ్చావా?" అన్నాడు మావాడు.

"గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే చాకిరీ చెయ్యాలి," అని గుసగుసలాడింది పిన్ని. "రెయిన్‌కోటు అయితే రెండు చేతులూ నావే."

ఆట మధ్యలో లేచి పైకి వచ్చిన డ్రైవరు ఊరుకోలేదు. "ఆ పచ్చ కోటులో నువ్వు ఎదురొస్తుంటే సిగ్నల్ పడిందనుకుని గేరు మార్చబోయాను పిన్నీ!"

"నువ్వు సిగ్నల్ చూశావంటే నమ్మమంటావా నాయనా? సర్వీసంతా స్టాపు దాటాకే ఆపావు."

వరండాలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. పిన్ని మెట్లు దిగి లోపలి గదిలోకి వెళ్ళింది. వెయ్యి ముక్కల ఓడ బొమ్మ మూడు రోజులుగా పేరుస్తోంది. ఇవాళ తెరచాప అయిపోవాలని పట్టుదల.

ఆరింటికి మేనేజరు ఫోను చేశాడు. "ఏడింటికి పోటు. ఆరున్నరకల్లా ఖాళీ చేయించు. మెయిను ఆపెయ్."

మావాడు మెట్ల మీంచే గంట కొట్టాడు. "పోటు వస్తోంది! పదండి, పదండి!" జనం ఒక్క ఊపున పైకి వచ్చారు. వరండాలో తోపులాట. ఇరవై రెండు, తొమ్మిది, ముప్ఫై ఒకటి... బిళ్ళ తీసుకోవడం, గొడుగు ఇవ్వడం, తల ఎత్తి మొహాలు చూసే తీరిక లేదు. పావుగంటలో వరండా ఖాళీ. మావాడు మెయిను ఆపాడు. మెట్ల కింద అంతా ఒక్కసారి నల్లబడిపోయింది.

టార్చి వేసి బిళ్ళలు లెక్కపెట్టాడు.

ముప్ఫై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్ఫై తొమ్మిదే. వెలుగు మేకు మేకుకీ జరుపుతూ పోయాడు... పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది.

మధ్య మేకు ఖాళీ.

టార్చి మెల్లగా స్టాండు మీదికి తిప్పాడు. పదిహేడో రంధ్రంలో ఒక నల్ల గొడుగు. కర్ర పిడి. అప్పుడే వానలోంచి తెచ్చినట్టు దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి — కింద రేకు పళ్ళెంలోకి, ఒక్కో చుక్కే.

వరండా గేటు దగ్గర డ్రైవరు ఇంకా నిలబడి ఉన్నాడు. బస్సు స్టాపు దాకా తోడుగా పోదామని. "ఏమయిందిరా, అలా కొయ్యబారిపోయావు?"

"పదిహేడు లేదు అన్నా."

డ్రైవరు గేటు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వినిపించింది. కింద నుంచి... చాలా లోపలి నుంచి...

టక్.

కాసేపు ఏమీ లేదు. వాన చప్పుడే.

టక్... టక్...

"తాళం వేసెయ్," అన్నాడు డ్రైవరు, పెదవులు కదలకుండా. "వేసి రా. పోదాం."

"లెక్క తక్కువగా ఉంది అన్నా."

"అది లెక్కలోకి రాదని తాత చెప్పలేదూ? ఆయన ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఇవాళ కొత్తగా మునిగేదేముంది! నేనైతే నిలబడను బాబూ..."

గేటు చప్పుడు. వానలో అడుగులు దూరమయ్యాయి. మావాడు ఒక్కడే మిగిలాడు. చేతిలో తాళం, కింద మోరీలో గుడగుడమని నీళ్ళ చప్పుడు.

ఇక్కడ నేను వాణ్ణి అడిగాను, నీకంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని.

"ధైర్యమెక్కడిది బావా! లెక్క తక్కువగా ఉంటే నా చేతికి తాళంచెవి తిరగదు. అంతే."

దిగాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ. పదో మెట్టు మీద కాలికి చల్లగా తగిలింది. నీళ్ళు. అప్పటికే రెండు మెట్లు మునిగాయి.

ముందు హాల్లో టార్చి వేశాడు. నీళ్ళ మీద తెల్లగా గుండ్రగా ఏవో కదులుతున్నాయి... పది, పదిహేను... గుంపుగా వాడి వైపే వస్తున్నాయి. ఒకటి వచ్చి మోకాలికి తగిలింది. తేలికగా.

టేబుల్ టెన్నిస్ బంతులు. బుట్ట ఒరిగి తేలుతున్నాయి.

ఊపిరి వదిలి రెండడుగులు వేశాడో లేదో... టక్. ఈసారి దగ్గరగా. గోదాము తలుపు అవతల నుంచి.

"ఎవరు?"

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది లోపల?"

తలుపు తోశాడు. కదల్లేదు. లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంది. భుజం ఆనించి బలమంతా పెట్టాడు. జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి చల్లటి గాలి మొహాన కొట్టింది. గాలితో పాటు, గొంతు లేని మాట ఒకటి —

"తాళం... వెయ్యకు..."

ఆ క్షణంలో వెనక్కి తిరిగి పరిగెత్తి ఉంటే వాణ్ణి తప్పు పట్టే మనిషి ఊళ్ళో ఒక్కడూ ఉండడు. వాడు పరిగెత్తలేదు. టార్చి సందులో దూర్చాడు.

నీళ్ళలో పచ్చగా మెరిసింది. రెయిన్‌కోటు.

"పిన్నీ!"

గంట విని మిగతావాళ్ళంతా పైకి పోయాక, పై అరలో ఉన్న పెట్టె అందుకుందామని పిన్ని లాగితే, చెమ్మకి పుచ్చిన అల్మరా ఆమె కాలి మీదే పడింది. దాని తల తలుపుకి అడ్డంగా పడింది. అరవడానికి ఆమెకి గొంతు లేదు. ఎదురుగా బల్ల మీదున్న స్ట్రైకరు అందుకుని అల్మరా చెక్క మీద కొట్టడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే ఆ చప్పుడు విన్నవాడు ఎవడైనా పరిగెత్తుకు రావాలి. మన దగ్గర ఆ చప్పుడు విన్నవాడు పారిపోవాలని నేర్పి పెట్టారు!

మావాడు సందులోంచి దూరి, క్యారమ్ బల్ల కోడు ఊడదీసి, కింద దూర్చి అల్మరా ఎత్తి, పిన్నిని వీపు మీద వేసుకున్నాడు. బయటపడేసరికి హాల్లో నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పిన్ని వాడి చెవి దగ్గర ఏదో అంటూనే ఉంది.

"ఏంటి పిన్నీ?"

"ఓడ పూర్తవలేదురా... ఒక్క ముక్క తక్కువ."

వాడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వరండాలో బెంచీ మీద ఆమెని కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

"ఏదీ, నీ పదిహేడో బిళ్ళ ఇలా ఇవ్వు పిన్నీ," అని చెయ్యి చాపాడు. "అది లేకపోబట్టి కిందికి దిగాను. లేకపోతే ఈ పాటికి తాళం వేసి బస్సెక్కి ఉండేవాణ్ణి."

పిన్ని వాడి మొహంలోకి వింతగా చూసింది.

"నాకు బిళ్ళేంటిరా... నాకు గొడుగే లేదు కదా."

మావాడి చెయ్యి అలాగే ఉండిపోయింది.

నిజమే. గొడుగు లేదు, బిళ్ళ లేదు. బిళ్ళలు లెక్కపెట్టే పద్ధతిలో పిన్ని అనే మనిషే లేదు. నలభై బిళ్ళలూ గోడ మీద ఉన్నా ఆమె కిందే ఉండేది. వాడు తృప్తిగా తాళం వేసేవాడు.

టార్చి ఎత్తి గోడ మీద వేశాడు.

పదహారు... పదిహేడు... పద్దెనిమిది.

పదిహేడో బిళ్ళ మేకుకి వేలాడుతోంది. అప్పుడే ఎవరో తగిలించినట్టు కొద్దిగా ఊగుతోంది. దాని అంచున ఒక నీటి చుక్క.

స్టాండులో గొడుగు లేదు. పదిహేడో రంధ్రం నుంచి వరండా గేటు దాకా చుక్కలు చుక్కలుగా తడి. అక్కణ్ణుంచి వాన.

ఆ రాత్రి కింద నీళ్ళు ఎనిమిది మెట్లు ఎక్కాయి. పిన్ని కాలికి రెండు నెలలు కట్టు ఉంది.

మావాడు ఈ సంగతి చెప్పడానికి ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన మంచం మీద పడుకుని అంతా విన్నాడు.

"నా రోజుల్లో పదిహేడు మూడుసార్లు పోయింది," అన్నాడు చివరికి. "మూడుసార్లూ తాళం వేసుకుని వచ్చేశాను. ఒకసారి తెల్లారి తలుపు తీస్తే... తల్లిపిల్లీ, నాలుగు కూనలూ... నీళ్ళ మీద."

"మిగతా రెండుసార్లు, తాతా?"

పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మావాడు ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. రెయిన్‌కోటు వేసుకుని వచ్చినవాళ్ళకీ, తడుచుకుంటూ వచ్చినవాళ్ళకీ కూడా ఇప్పుడు బిళ్ళ ఇస్తాడు. పదిహేడు మాత్రం ఎవరికీ ఇవ్వడు. ఆ తరవాత ఇంకోసారి కూడా ఆ మేకు ఖాళీగా కనిపించిందట. అప్పుడేమయిందో నాకు చెప్పలేదు.

"ఆ మేకు ఖాళీగా కనిపిస్తే నీకిప్పుడు భయం వెయ్యదుట్రా?" అని అడిగాను.

"ఎందుకు వెయ్యదు బావా... చాలా వేస్తుంది," అన్నాడు వాడు. "ఈసారి కింద ఎవరు ఉండిపోయారో అని."