పాత లైట్‌హౌస్ తాళం

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక పాత లైట్‌హౌస్ ఉంది. అందులో దీపం ఆరిపోయి చాలా కాలమైంది. ఒకప్పుడు దాని ముందే ఏరు సముద్రంలో కలిసేదట. ఇసుక మేటలు వేసి ఏరు కలిసే ఆ మొగ పూడుకుపోయాక, లోపల చిక్కుకున్న నీరు సరస్సై నిలిచిపోయింది. ఇటీవల దాని చుట్టూ పార్కు వేశారు. సిమెంటు బెంచీలు, పెడల్ బోట్లు, పిల్లలకు ఉయ్యాలలు... పగలంతా సందడిగానే ఉంటుంది.

పొద్దుగూకాక మాత్రం అక్కడ ఎవరూ నిలవరు.

మంచు పట్టిన సాయంత్రాల్లో ఆ లైట్‌హౌస్ పైనుంచి ఒక ఆడమనిషి గొంతు పిలుస్తుందని చెప్పుకుంటారు. పిలుపు వినబడితే పలకకూడదు. పలికినవారి ఇంట్లో ఒక ప్రాణం తగ్గుతుందని నమ్మకం. సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్న జాలరిపాలెంలో చిన్నపిల్లలకు సైతం ఈ సంగతి తెలుసు.

కిందటి ఫిబ్రవరిలో నేనూ నా శ్రీమతీ ఆ పార్కు చూడడానికి వెళ్లాము. ఆమె మోకాళ్ల నొప్పితో సరస్సు ఒడ్డునే కూర్చుండిపోగా, పార్కు సూపర్‌వైజర్ ఫిన్నీ నన్ను లైట్‌హౌస్ పైదాకా తీసుకువెళ్లాడు. లూథరన్ చర్చికి వెళ్లే కుటుంబం, భీమవరంలో ఇంజనీరింగ్ చదివినవాడు, మర్యాదస్తుడు. పైన చుట్టూ ఉన్న వసారాలో నిలబడి ఆ గొంతు మాట ఎత్తాను — నవ్వుతాడనుకొని.

అతను నవ్వలేదు. సముద్రం వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ చెప్పినదే ఇది.

అది డిసెంబరు. ఫిన్నీ భార్య కృపారాణికి నెలలు నిండాయి. అంతకు మునుపు ఒకసారి కడుపు నిలవలేదు. అందుచేత ఈసారి ఆసుపత్రికి దగ్గరగా, నరసాపురంలో తన తల్లి జ్ఞానమ్మ వద్ద ఆమెను ఉంచాడు.

ఇక అతని పని సంగతి. ఆ లైట్‌హౌస్‌ను పాలెం వారు ఇలవేల్పులా చూసుకుంటారు. చెప్పులతో మెట్లెక్కరు, ఎవరినీ ఎక్కనివ్వరు. వచ్చినవారందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడవవలసిందే. ఫిన్నీకి అది ఒక వెసులుబాటయింది. సాయంత్రం పార్కు మూసే వేళ ఈల వేసి, గుమ్మం వైపు చూస్తాడు. చెప్పులుంటే పైన మనుషులున్నట్టు. లేకపోతే... తాళం.

ఆ సాయంత్రం మంచు తొందరగా దిగింది. ఈల వేశాడు. గుమ్మంలో చెప్పులు లేవు. ఇనుప తలుపు మూసి, తాళం వేసి, గేటు దగ్గరకు వచ్చాడు. అక్కడ దొరబాబు బజ్జీల బండి సర్దుకుంటున్నాడు. పాలెం మనిషి, పెద్దవాడు.

"ఏంటి సార్, ఇవాళ కూడా పైకెళ్లకుండానే తాళమా? మీ ఇంజనీరింగంతా ఆ చెప్పుల్లోనే ఉన్నట్టుందండి."

"చెప్పులు అబద్ధం చెప్పవు దొరబాబు గారూ. మీ బండి మీద అరటికాయ బజ్జీ అడిగితే బంగాళాదుంప వస్తుంది."

"ఆయ్, అదీ నిజమేనండి," అని దొరబాబు నవ్వబోయి ఆగాడు. "మనసు బాగోలేదు సార్. మా మేనల్లుడు పల్లంరాజు బోటు ఇంకా రాలేదండి. నిన్ననే రావాలి."

ఫిన్నీ ఏదో ధైర్యం చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే —

"అయ్యా..."

పైనుంచి. మంచులోంచి. ఆడ గొంతు.

దొరబాబు చేతిలోని గిన్నె జారి ఇసుకలో పడింది.

"తలుపు... తలుపు తియ్యండయ్యా..."

ఫిన్నీ చేయి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. "ఎవరో పైన ఉండిపోయారు."

"పలక్కండి," దొరబాబు గుసగుసలాడాడు. "గుమ్మంలో చెప్పులున్నాయా?"

"లేవు."

"మరి మనిషెలా ఉంటదండి?"

ఫిన్నీ లైట్‌హౌస్ వైపు తిరిగాడు. ఒక అడుగు వేశాడు. దొరబాబు అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"మీ ఇంట్లో నెలలు నిండిన మనిషుంది సార్. అది తెలిసే పిలుస్తుందేమో."

దేవుణ్ణి నమ్ముకున్నవాడు, చదువుకున్నవాడు ఫిన్నీ. దెయ్యాలను నమ్మడు. అయినా, పలికితే ఒక ప్రాణం తగ్గుతుందన్న మాట అతని కాళ్లను ఇసుకలో పాతేసింది. పైన ఉన్నది మనిషే అయితే? మనిషి కాకపోతే?

జేబులో ఫోన్ మోగింది. తల్లి.

"నొప్పులు మొదలయ్యాయి నాయనా. డాక్టరమ్మ ముఖం చూస్తే నాకు భయంగా ఉంది. వచ్చెయ్."

ఇంకేమీ ఆలోచించలేదు. తన బైకెక్కాడు. ఆ గొంతు సరుగుడు తోట పొడవునా వెంట వచ్చింది... రోడ్డు మలుపు తిరిగే దాకా. అతను పలకలేదు.

రాత్రి పొద్దుపోయాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. జ్ఞానమ్మ ఆసుపత్రి వసారాలోనే మోకరించి ప్రార్థన చేసింది. ఫిన్నీ బిడ్డను ఎత్తుకున్నాడు. పలకకపోవడమే మంచిదైందని, ఆ క్షణాన, మనసులో ఎక్కడో అనుకున్నాడు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు తల దించుకున్నాడు.

అప్పుడు దొరబాబు ఫోన్ చేశాడు.

"సార్... పల్లంరాజు బోటు ఒడ్డుకొచ్చిందండి. వాడు బాగానే ఉన్నాడు. వాడి పెళ్లాం నూకరత్నమే ఇంట్లో లేదండి. పొద్దువాలకముందు మీ పార్కు వైపు వచ్చిందంట. బోటు కనపడుద్దేమోనని."

ఫిన్నీ బిడ్డను జ్ఞానమ్మ చేతికిచ్చాడు.

"దొరబాబు గారూ... ఆవిడ చెప్పులేసుకుంటుందా?"

 సముద్రపు హోరు మధ్య దొరబాబు గొంతు చాలా మెల్లగా —

"మొగుడు సముద్రంలో వేట మీదున్నన్నాళ్లూ మా ఆడాళ్లు చెప్పులు తొడగరండి... నాకు తట్టలేదు సార్. నాకే తట్టలేదు."

తాళంచెవి ఫిన్నీ జేబులోనే ఉంది.

మంచులో దారి కనబడకుండా బండి నడుపుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర దొరబాబు నిలబడి ఉన్నాడు. పల్లంరాజు ఇనుప తలుపును భుజంతో గుద్దుతూనే ఉన్నాడు. పైనుంచి ఏ చప్పుడూ లేదు.

"పాలెమంతా విన్నాం సార్," అన్నాడు దొరబాబు. "ఇందాక బోటు వచ్చేదాకా పిలుస్తానే ఉందండి. అందరం తలుపులేసుకున్నాం. నూకరత్నం అత్త కూడా."

ఫిన్నీ తాళం తీశాడు. ముగ్గురూ మెట్లెక్కారు.

నూకరత్నం పై వసారాలో, సముద్రం వైపు గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కొంగు తలమీదుగా కప్పుకుంది. అరచేతులు తలుపు బాది బాది చిట్లిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రాణంతో ఉంది.

పల్లంరాజు ఏడుస్తూ ఆమెను ఎత్తుకున్నాడు. ఫిన్నీ చేతులు జోడించాడు.

"క్షమించమ్మా. నీ పిలుపు విన్నాను. రోడ్డు దాకా విన్నాను. అయినా రాలేదు."

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. ఫిన్నీ వంగి చెవి ఒగ్గాడు.

"నేను రెండు పిలుపులే పిలిచానండి... గొంతు పోయింది. తర్వాత నా కోసం పిలిచింది ఆవిడండి."

"ఎవరు?"

ఆమె తన పక్కకు చూసింది.

"రాత్రి పొద్దుపోయే దాకా ఆవిడే పిలిచింది. ఎవరూ రాలేదు. ఆవిణ్ణి కూడా కిందికి తీసుకెళ్లండి బాబూ... చానా కాలంగా ఇక్కడే ఉంటందంట."

"జ్వరమండి, ఒళ్లు కాలిపోతంది," అన్నాడు పల్లంరాజు. ఆమెను గుండెకు అదుముకొని మెట్లు దిగిపోయాడు. దొరబాబు వెనక్కి తిరిగి చూడకుండా అతని వెంట వెళ్లాడు.

ఫిన్నీ ఒక్కడే మిగిలాడు.

ఫోన్ టార్చి వేశాడు. మంచుకు తడిసి నేలంతా మెరుస్తోంది. గోడవార నూకరత్నం కూర్చున్న చోటు మాత్రం పొడిగా ఉంది. దాని పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో, అంతే వెడల్పున, మరొక చోటు పొడిగా ఉంది.

కదలలేక చూస్తూ నిలబడ్డాడు. మంచు మెల్లగా దిగుతూనే ఉంది. కొంతసేపటికి నూకరత్నం కూర్చున్న చోటు కూడా తడిసి, మిగతా నేలలో కలిసిపోయింది.

రెండోది తడవలేదు.